టికెట్‌ మీది గంటల లెక్క

ప్రశ్న: మా పిల్లగాడు దుబాయ్‌ పోతుండు. టికెట్‌ మీద హైదరాబాద్‌ల పొద్దున 10కి ఎక్కుడు, 12:30కి దిగుడు అని ఉంది. వచ్చేటప్పుడు 1:30కి ఎక్కితే సాయంత్రం 6:30. పోను రెండున్నర గంటలు, రాను ఐదా?
– ఒక తల్లి, జగిత్యాల

జవాబు: అమ్మా, టికెట్‌ మీద ఏ ఊరి టైం ఆ ఊరిదే వేస్తారు. దుబాయ్‌ మనకంటే గంటన్నర వెనక. పోయేదానికి గంటన్నర కలపండి, వచ్చేదాంట్లో తీసెయ్యండి: పోను నాలుగు, రాను మూడున్నర. దూరం ఎటైనా దాదాపు 2,550 కిలోమీటర్లే. ఆ అరగంట తేడా గాలిది. పైన, ముఖ్యంగా చలికాలంలో, పడమటి నుంచి తూర్పుకు గట్టిగా వీస్తూ వచ్చే విమానాన్ని వెనక నుంచి నెడుతుంది.

నా బెంగంతా రోడ్డు గురించే. మీ ఊరి నుంచి శంషాబాద్‌ 200 కిలోమీటర్ల పైనే. మూడు గంటల ముందే అక్కడుండాలి కాబట్టి రాత్రి ఒంటిగంటకల్లా బయల్దేరనివ్వండి. పాస్‌పోర్టు, వీసా కాగితాలు పెద్ద పెట్టెలో వద్దు, చేతిసంచిలో పెట్టించండి.