పెన్నమ్మకు పుష్కరాలు ఎందుకు లేవు?

ప్రశ్న: అయ్యా, 2020లో తుంగభద్ర పుష్కరాలకని కర్నూలు పోతే, కరోనా వల్ల ఏట్లో దిగనీయలేదు. నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకొని వచ్చేశాం. ఊరి పక్కనే పెన్న ఉంది కదా, దీనికి పుష్కరాలు ఎందుకు లేవని మా కోడలు అడిగింది. ఏం చెప్పాలో తెలియలేదు. పెన్న పుణ్యనది కాదా? అసలు ఎక్కడ పుట్టింది?
- ఒక గృహిణి, జమ్మలమడుగు

జవాబు: అమ్మా, ఇదే మాట చిన్నప్పుడు నేను మా జేజిని అడిగాను. "దాంట్లో నీళ్లుంటే కదరా పుష్కరాలు!" అని నవ్వేసింది. అసలు సంగతి అది కాదు.

జలాలకు అధిపతి అయిన పుష్కరుణ్ణి బృహస్పతి తనకిమ్మని బ్రహ్మను అడిగాడట. చివరికి కుదిరిన ఒప్పందం ఏమిటంటే, గురువు ఏ రాశిలో ప్రవేశిస్తే ఆ రాశికి చెప్పిన నదిలో పుష్కరుడు ఉంటాడు. సింహానికి గోదావరి, కన్యకు కృష్ణ, మకరానికి తుంగభద్ర. రాశులు పన్నెండే కాబట్టి నదులూ పన్నెండే. మన పెన్నకే కాదు, వంశధారకూ నాగావళికీ అందులో చోటు లేదు. ఆ పట్టికేమీ శిలాశాసనం కాదు సుమా. వృశ్చికానికి మన పంచాంగాలు భీమానది అంటే, తమిళులు తామ్రపర్ణి అంటారు. 2018లో రెండు నదులకూ పుష్కరాలు చేశారు.

ఇక పుట్టుక. కర్ణాటకలో నందికొండల దగ్గర చెన్నకేశవ కొండల్లో పుట్టింది. అసలు పేరు పినాకిని. పినాకం అంటే శివుని విల్లు. హిందూపురం దగ్గర మన నేల మీదికి వచ్చి, మళ్లీ పావగడ వైపు కర్ణాటకలోకి పోయి, తిరిగి వస్తుంది. పుట్టింటి మీద బెంగ తీరని కొత్తకోడలనుకోండి. ఆపైన పామిడి, తాడిపత్రి దాటి, మీ గండికోట దగ్గర ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకొని మీ ఊరికి వస్తుంది.

పుణ్యనది అవునో కాదో పెన్న ఒడ్డునున్న పుష్పగిరికి పోతే తెలుస్తుంది. తల్లి దాస్యం తీర్చడానికి గరుత్మంతుడు అమృతం తెస్తుంటే ఒక చుక్క అక్కడి కోనేట్లో పడిందట. అందులో మునిగిన ముసలివాళ్లంతా పడుచువాళ్లయిపోతుంటే దేవతలకు టెన్షన్ పట్టుకుంది. హనుమంతుడు ఒక కొండను తెచ్చి కోనేటి మీద మూతలా పెడితే, అది మునగకుండా పువ్వులా తేలింది. శివుడొక పక్క, విష్ణువొక పక్క కాలితో తొక్కి నిలిపారట. రుద్రపాదం, విష్ణుపాదం అని ఇప్పటికీ చూపిస్తారు.

మా జేజి అస్థికలు కలపడానికి అక్కడికే పోయాం. నడివేసవి. ఏట్లో చుక్క నీరు లేదు, చెప్పులు లేకుండా ఇసుకలో దిగితే కాళ్లు బొబ్బలెక్కాయి. మా చిన్నాయన, నేను మోకాటి లోతు చెలమ తవ్వాం. కాసేపటికి అడుగున తేట నీళ్లు ఊరాయి. "ఇవి చాలు నాయనా" అన్నాడు పురోహితుడు. నీళ్లుంటే కదరా అని నవ్విన మనిషిని ఆ చెలమలోనే కలిపి వచ్చాం.

మీ కోడలికి ఇంకో మాట కూడా చెప్పండి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు కేసీ (కర్నూలు-కడప) కెనాల్లోకి మళ్లి, కుందూ నది మీదుగా వచ్చి పెన్నలోనే పడతాయి. మీరు కర్నూలులో దిగలేకపోయిన నీళ్లు కొన్ని మీ ప్రొద్దుటూరు దిగువకు వాటంతటవే వస్తాయన్నమాట.

ప్రశ్న: మన పెన్న, తమిళనాడులోని పెన్నై ఒకటేనా?
- ఒక విద్యార్థి, తాడిపత్రి

జవాబు: కాదు బాబూ. రెండూ నందికొండల ప్రాంతంలోనే పుట్టాయి, అంతవరకే. మనది ఉత్తర పినాకిని, 597 కిలోమీటర్లు ప్రవహించి నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. వాళ్లది దక్షిణ పినాకిని, కడలూరు దగ్గర కలుస్తుంది. పరీక్షలో ఉత్తరం, దక్షిణం తారుమారు చేయకు.