మేపుల్ సిరప్‌కు శాస్త్రవేత్తలతో పనేమిటి?

"మేపుల్ చెట్టుకు చిల్లు పెట్టి, కారిన రసాన్ని కాచి తియ్యటి పాకం చేయడానికి పరిశోధన ఎందుకు?" అని ఒకరు అడిగారు. నేను అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఉంటాను. మార్చిలో సెలవు దొరికితే పక్కింటి రైతుకు సాయంగా అడవిలోకి వెళ్తాను. నన్నడిగితే, పరిశోధన లేకపోతే ఆయన ఆ అడవిని ఏనాడో అమ్ముకునేవాడు.

సీసా మీద బొమ్మ చూసి మోసపోకండి. మంచులో గుర్రపు బండి, చెట్టుకు వేలాడే బకెట్టు! ఆయన అడవిలో చెట్టు నుంచి చెట్టుకు ప్లాస్టిక్ గొట్టాలు, వాటి చివర రసాన్ని లాగే వాక్యూమ్ పంపు. ఆ లాగుడును పాదరసం అంగుళాల్లో కొలుస్తారు; అది ఒక్క అంగుళం పెరిగితే రసం సుమారు 5 శాతం పెరుగుతుందని ఇక్కడి లెక్క.

ఒకరోజు వాక్యూమ్ మీటరు ముల్లు 25 అంగుళాల నుంచి 18కి పడిపోయింది. మోకాటి లోతు మంచులో గొట్టం వెంబడే నడిచాం. ఒకచోట రసంలో బుడగలు పరుగులు తీస్తున్నాయి. చెవి పెడితే సన్నగా 'స్‌స్' మని చప్పుడు. ఉడుత కొరికింది! ఆ ముక్క కోసేసి అతుకు వేశాక ముల్లు మళ్లీ లేచింది. ఉడుతలకు విరుగుడు మాత్రం ఏ ప్రయోగశాలా కనిపెట్టలేదు.

అండర్‌హిల్‌లో వెర్మాంట్ విశ్వవిద్యాలయం వారి ప్రాక్టర్ పరిశోధన కేంద్రం 1946 నుంచీ ఉంది. చెట్టు చల్లబడినప్పుడు గొట్టంలోని రసాన్ని వెనక్కి పీల్చుకుంటుంది. దాంతోపాటు సూక్ష్మజీవులూ లోపలికి పోయి, చిల్లు త్వరగా పూడిపోతుంది. దాన్ని ఆపడానికి అక్కడివాళ్లు తెచ్చిన ఉపాయం, చిల్లులో దిగే ముక్కులో ఒక చిన్న బంతి. రసం బయటికి వస్తుంది, వెనక్కి పోదు. అంతే!

పరిశోధకులందరూ దేవుళ్లనడం లేదు. 1960ల్లో చిల్లు పూడకుండా ఫార్మాల్డిహైడ్ మాత్రలు పెట్టించిందీ వాళ్లే. వాటివల్ల చెట్టు లోపల కుళ్లు పెరుగుతోందని తేల్చిందీ వాళ్లే. తర్వాత నిషేధించారు.

అన్నిటికన్నా పెద్ద మేలు ఆర్‌ఓ యంత్రం. రసంలో చక్కెర 2 శాతమే. గ్యాలన్ సిరప్‌కు 40 గ్యాలన్ల పైచిలుకు రసం కాచాలి. మన ఇళ్లలో ఆర్‌ఓ వడకట్టిన నీళ్లు ఉంచుకుని మిగిలింది పారబోస్తాం. ఇక్కడ నీళ్లే పారబోస్తారు, మిగిలిన చిక్కటి రసాన్ని పొయ్యి ఎక్కిస్తారు. కట్టెల ఖర్చు ఎంత మిగులుతుందో ఆయన మొహం చూస్తే తెలుస్తుంది.

అన్నట్టు, దుకాణాల్లో చవగ్గా దొరికే 'పాన్‌కేక్ సిరప్' చాలావరకు మొక్కజొన్న పాకమే. దాని వెనకా ఏదో ప్రయోగశాల ఉండే ఉంటుంది, వాళ్లకు మాత్రం నేను దండం పెట్టను.