మాటల్లేని సినిమా తీయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఫ్యాక్టరీలు వచ్చాక చేతిపనుల వాళ్ల బతుకు ఎలా మారిందో ఒక్క మాట కూడా లేకుండా డాక్యుమెంటరీ తీస్తానని రాశావు. చాలా సంతోషమైంది. ఇన్నేళ్లు ఎడిటింగ్ చేసినదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు 1988లో వచ్చిన ‘పొవాకట్సి’ అనే మాటల్లేని డాక్యుమెంటరీ చూడు. గాడ్‌ఫ్రే రెజియో తీశాడు, సంగీతం ఫిలిప్ గ్లాస్. బ్రెజిల్‌లోని సెర్రా పెలాడా బంగారు గనితో మొదలవుతుంది. ఒళ్లంతా మట్టికొట్టుకుపోయిన మనుషులు బస్తాలు మోస్తూ బారులుగా గట్టు ఎక్కుతుంటారు. వాళ్లలో ఒకతన్ని తోటివాళ్లు భుజాల మీద మోసుకొస్తారు. అతనెవరో, ఏమైందో ఎవరూ చెప్పరు. చెప్పి ఉంటే ‘అయ్యో పాపం’ అనుకుని మర్చిపోయేదాన్నేమో. చెప్పలేదు కాబట్టే అతను ఇంకా నా కళ్లముందే ఉన్నాడు.

ఆ సినిమాలో స్లో మోషన్ చాలా ఉంటుంది. సెకనుకు 72 ఫ్రేములు తీసి 24 చొప్పున చూపిస్తే ఒక సెకను పని మూడు సెకన్లు కనిపిస్తుంది. బరువు ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మారడం అప్పుడే తెలుస్తుంది. కానీ జాగ్రత్త. అన్నిటికీ అదే వాడితే చాకిరీ కూడా నాట్యంలా అందంగా కనిపిస్తుంది. అది నాకు నచ్చదు. కొన్ని షాట్లు మామూలు వేగంతోనే, ఆయాసం వినపడేలా ఉంచు.

మగ్గాన్ని అందంగా, మరమగ్గాన్ని భూతంలా చూపించకు. మగ్గం గుంటలో నడుము విరిగేలా కూర్చున్నవాళ్లకు ఆ పాత రోజులు స్వర్గమేమీ కాదు. నేనైతే చేతుల్నే పట్టుకుంటాను. మగ్గం మీద పోగు తెగితే నేతగాడు అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడెను ఆపి, ముడి వేసి, ఓసారి చేత్తో తడిమి చూసుకుంటాడు. మరమగ్గం దగ్గరా వేసేది ముడే. కానీ అది వేస్తుండగానే అతని కళ్లు పక్క మగ్గం మీదికి పోతాయి. ఆ చూపు దొరికేదాకా కెమెరా కదపకు.

ఇంకో మాట. మాటల్లేని సినిమాలో నువ్వు తీసిన మనిషికి జవాబు చెప్పుకునే వీలుండదు. అందుకే మొదటి రోజు కెమెరా తీసుకెళ్లకుండా వెళ్లి కూర్చో. అడిగి తీయి, తీసింది వాళ్లకు చూపించు. వద్దన్న షాట్ ఎంత బాగున్నా తీసేయి.

మొదటి కట్ అయ్యాక మ్యూజిక్ వేయకుండానే నాకు పంపు. రాత్రి అందరూ పడుకున్నాక ఒక్కదాన్నే కూర్చుని చూస్తాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ