ఐలాండ్ బీచ్‌లో ఒక రోజు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: మా అమ్మానాన్నలు ఈ వేసవికి బాపట్ల నుంచి మా ఇంటికి వచ్చారు. వారు తిరిగి వెళ్లేలోపు ఒక రోజు ఐలాండ్ బీచ్ స్టేట్ పార్కుకు తీసుకువెళ్లాలని అనుకుంటున్నాము. నాన్నగారికి మధుమేహం, మోకాళ్ల నొప్పి ఉన్నాయి. అమ్మ సముద్రస్నానం చేసి పసుపు, కుంకుమ, కొబ్బరికాయ సమర్పించాలంటోంది. ఇద్దరు పిల్లలకూ ఈత అంతంతమాత్రమే. శనివారం ఉదయం పది గంటలకు బయలుదేరితే సరిపోతుందా? భోజనం ఇంటి నుంచి పట్టుకువెళ్లవచ్చా? – ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

సమాధానం: జులై, ఆగస్టు నెలల్లో శనివారం పది గంటలకు ఎడిసన్‌లో బయలుదేరితే, మీరు గేటు దాకా వెళ్లి వెనుదిరగవలసి వచ్చే అవకాశమే ఎక్కువ. ఈ పార్కులో కార్లు నిలిపే స్థలాలు పరిమితం. అవి నిండగానే సిబ్బంది గేటు మూసివేస్తారు, ఎండగా ఉన్న వారాంతాల్లో అది మధ్యాహ్నం కాకముందే జరిగిపోతుంది. ఆ సమయంలో గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద, 82వ ఎగ్జిట్ దగ్గర దిగి బార్నెగట్ ఖాతాన్ని దాటే 37వ నంబరు రహదారి మీద ఎంతటి వరుసలు ఉంటాయో అటు వెళ్లిన వారందరికీ తెలుసు. రద్దీ లేనప్పుడు గంటా పావులో ముగిసే ప్రయాణానికి రెండు గంటలు పట్టినా ఆశ్చర్యపోనక్కరలేదు. కనుక మీ ఇద్దరిలో ఎవరికైనా మంగళ, బుధ వారాల్లో సెలవు దొరికితే ఆ రోజే పెట్టుకోండి. శనివారం తప్పదంటే ఆరున్నరకల్లా ఇంటి గడప దాటండి. రుసుములు, వేళలు ఏటా మారుతుంటాయి కనుక ముందు రోజు రాత్రి పార్కు అధికారిక సమాచారం చూసుకోండి. న్యూజెర్సీలో నమోదైన కార్లకూ, బయటి రాష్ట్రాల కార్లకూ రుసుములో తేడా ఉంటుంది. నాన్నగారికి సూర్యోదయం చూపించాలన్న ఆలోచన ఉంటే మాత్రం ఈ పార్కు దానికి పనికిరాదు. ఇక్కడ వేసవిలో ఐదున్నర ప్రాంతానికే తెల్లవారుతుంది, మామూలు సందర్శకులకు గేటు తెరిచేది ఆ తరువాతే.

ఇక స్నానం సంగతి. దీనిని కాస్త వివరంగా చెప్పవలసి ఉంది. మన సూర్యలంకలోనూ ఇక్కడా సముద్రం తూర్పు దిక్కునే ఉంటుంది కనుక చూపులకు ఒకేలా కనిపిస్తుంది, కాని నీటి స్వభావం పూర్తిగా వేరు. బంగాళాఖాతం నీరు వేసవిలో గోరువెచ్చగా ఉంటుంది. న్యూజెర్సీ తీరంలో జూన్ నెల నీరు అరవైల ఫారెన్‌హీట్‌లోనే ఉంటుంది, ఆగస్టుకు డెబ్బైలలోకి చేరుతుంది. పైగా జులైలో నైరుతి గాలి రెండు మూడు రోజులు వరుసగా తీరం వెంబడి వీచిందంటే, పైనున్న వెచ్చని నీరు భూభ్రమణ ప్రభావం వల్ల ఒడ్డు నుంచి దూరంగా జరిగిపోయి, అడుగున ఉన్న చల్లని నీరు పైకి వస్తుంది. అప్పుడు నీటి ఉష్ణోగ్రత ఒక్కసారిగా యాభైలలోకి పడిపోవచ్చు. విశాఖ తీరంలోనూ వేసవి ఆరంభంలో ఇటువంటి ప్రక్రియే జరుగుతుంది, అయితే అక్కడి నీరు ఇంతగా వణికించదు. ఇక్కడి చిక్కు ఏమిటంటే, మనల్ని ఇంట్లో కూర్చోనివ్వని ఎండలను తెచ్చేది తరచుగా ఆ నైరుతి గాలే. బయట తొంభై డిగ్రీలున్న రోజున నీరు మంచులా ఉండవచ్చు. అందుచేత వాతావరణ సూచనలో గాలి వేడిమితో పాటు నీటి ఉష్ణోగ్రతను కూడా చూడండి. నీరు అరవై ఐదు దాటని రోజున పెద్దవారిని పాదాలు, మహా అయితే మోకాళ్లు తడుపుకోవడంతో సరిపెట్టుకోమనండి. వయసు మీరిన వారు చల్లటి నీటిలో ఒక్కసారిగా మునిగితే ఊపిరి ఎగదన్నుకుపోతుంది, రక్తపోటు పెరుగుతుంది.

అమ్మగారు చీరతోనే దిగుతానంటారని ఊహించగలము. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటుంది, ఒక్క అల వెనక్కి లాగితే నిలదొక్కుకోవడం కష్టం. పంజాబీ డ్రస్సు వేసుకోవడానికి ఒప్పించగలిగితే మంచిది. కుదరకపోతే కుచ్చిళ్లు ఎగదోపి, మీ చేయి పట్టుకుని, అల విరిగి పలచబడే చోటనే నిలబడి దోసిళ్లతో నీరు పోసుకోవచ్చు. సముద్రుడికి నమస్కారం చేసి చిటికెడు పసుపు, కుంకుమ నీటిలో వదిలితే చాలు. కొబ్బరికాయ, పూలదండలు, ప్లాస్టిక్ సంచులు, కర్పూరం పొట్లాలు నీటిలోగాని ఇసుకలోగాని వదలవద్దు. ఈ రాష్ట్ర పార్కులలో ఎవరి చెత్తను వారే తిరిగి తీసుకుపోవాలన్నది నియమం. కొబ్బరికాయను ఇంట్లోనే కొట్టి ప్రసాదంగా వెంట తీసుకువెళితే అమ్మగారి మనసూ నొచ్చుకోదు, నియమమూ తప్పదు.

పిల్లల విషయంలో బేరానికి తావు లేదు. ఈతకు కేటాయించిన చోట, లైఫ్‌గార్డులు ఎత్తైన తెల్లని కుర్చీలలో కూర్చుని ఉన్న వేళల్లో, వారు పాతిన జెండాల మధ్యనే దిగనివ్వండి. సాధారణంగా జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మొదటి సోమవారమైన లేబర్ డే వరకు, ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు దాకా వారు కాపలా ఉంటారు. ఈ తీరంలో ప్రాణాలు తీసేది ఎక్కువగా రిప్ కరెంట్, అంటే విరిగిన అలల నీరంతా ఒక సన్నటి పాయగా కూడి వేగంగా సముద్రంలోకి వెనుదిరిగే ప్రవాహం. అటూ ఇటూ అలలు విరుగుతూ, మధ్యలో ఒక చోట మాత్రం నీరు ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో, నురగను లోపలికి మోసుకుపోతూ కనిపిస్తుంది. తెలియని వారు ‘ఇక్కడ అలలు లేవు, పిల్లలకు బాగుంటుంది’ అని సరిగ్గా అక్కడే దిగుతారు. ఆ ప్రవాహంలో చిక్కుకున్న వారు ఒడ్డు వైపు ఎదురీదకూడదు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది పాయ నుంచి బయటపడి, అప్పుడు అలలతో పాటు ఒడ్డుకు రావాలి. అది చేతకాకపోతే నీటిపై తేలుతూ చేయి ఊపాలి. రక్షించబోయి తామూ మునిగిపోయే తండ్రుల వార్తలు మన వాళ్లలో తరచుగా వింటున్నాము. మీ వారికి ఈత బాగా రాకపోతే పిల్లవాడి కోసమైనా ఉత్తచేతులతో దూకవద్దని ముందే చెప్పి ఉంచండి. లైఫ్‌గార్డును కేక వేయడమే సరైన పని.

నాన్నగారికి మోకాళ్ల నొప్పి కంటే పాదాల రక్షణ ముఖ్యం. మధుమేహం వల్ల పాదాలలో స్పర్శ తగ్గిన వారికి మధ్యాహ్నపు ఇసుక కాలుతున్నట్లు కూడా తెలియదు. ఇంటికి వచ్చాక బొబ్బలు బయటపడతాయి. ఆయన చెప్పులు విప్పకుండా, నీటిలో కూడా తొడుక్కోగల మెత్తటి బూట్లు కొనండి. ఇన్సులిన్ వాడుతుంటే దానిని ఐస్ ముక్కలకు నేరుగా తగలకుండా తువ్వాలులో చుట్టి కూలర్‌లో ఉంచండి. ఈత స్థలాల దగ్గర కారు దిగిన చోటి నుంచి ఇసుక దిబ్బల మీదుగా చెక్క బాట ఉంటుంది, స్నానపు గదులు, మరుగుదొడ్లు అక్కడే ఉంటాయి. ఇసుకలో దిగబడని లావు చక్రాల కుర్చీలు కూడా పార్కు వారి వద్ద ఉంటాయి. ఆ రోజు దొరుకుతుందో లేదో ముందుగా ఫోన్ చేసి కనుక్కోండి. పెద్ద గొడుగు, మడత కుర్చీలు మరచిపోవద్దు, ఎందుకంటే ఈ తీరంలో చెట్టు నీడ అనేది లేదు.

భోజనం నిస్సంకోచంగా తీసుకువెళ్లవచ్చు. పులిహోర, చపాతీలు ఎండకు ఓర్చుకుంటాయి. పెరుగన్నం, గుడ్డు కూర, కొబ్బరి పచ్చడి మాత్రం ఐస్ ఉన్న కూలర్‌లోనే ఉండాలి. తొంభై డిగ్రీల ఎండలో అవి గంటకు మించి బయట ఉంటే తినకపోవడమే క్షేమం. గాజు సీసాలు వద్దు, ఇసుకలో పగిలితే ఏరడం ఎవరి తరమూ కాదు. సముద్రపు కాకులు, అంటే సీగల్స్, చేతిలోని గారెను తన్నుకుపోవడంలో సిద్ధహస్తులు కనుక డబ్బా మూత తీసి పెట్టి కబుర్లలో పడకండి.

ప్రశ్న: మా మామగారు విశ్రాంత భూగోళం మాస్టారు. ఆయనకు నీటిలో దిగడం మీద ఆసక్తి లేదు. ఐలాండ్ బీచ్‌లో చరిత్ర, ప్రకృతి పరంగా ఏమి చూపించవచ్చు? పటంలో బార్నెగట్ లైట్‌హౌస్ పార్కు చివర నుంచి ఎంతో దూరం లేనట్లు కనిపిస్తోంది. సాయంత్రం అది కూడా చూసి రావచ్చా? – ఒక పాఠకుడు, ప్లెయిన్స్‌బరో, న్యూజెర్సీ

సమాధానం: లైట్‌హౌస్ విషయంలో పటం చూసి మోసపోవద్దు. పార్కు దక్షిణపు కొసకూ దానికీ మధ్య బార్నెగట్ ఇన్లెట్ అనే నీటి పాయ ఉంది, దాని మీద వంతెన లేదు. కారులో వెళ్లాలంటే వెనక్కి వచ్చి మళ్లీ పార్క్‌వే ఎక్కి, 63వ ఎగ్జిట్ దగ్గర దిగి, 72వ నంబరు రహదారి మీద లాంగ్ బీచ్ ఐలాండ్ చేరి, ఆ దీవి ఉత్తరపు కొస దాకా పోవాలి. గంటకు పైగా పడుతుంది. 1859లో దీపం వెలిగించిన ఆ స్తంభాన్ని ఇవతలి ఒడ్డు నుంచి చూడాలంటే, పార్కు రోడ్డు చివర కారు ఆపి సుమారు మైలున్నర ఇసుకలో నడవాలి. తిరుగు నడక కూడా ఉంటుంది కనుక ఆయన ఓపికను బట్టి నిర్ణయించుకోండి. దాని నిర్మాణానికి నమూనా వేసిన సైనిక ఇంజనీరు జార్జ్ మీడ్ తరువాత అంతర్యుద్ధంలో గెటీస్‌బర్గ్ దగ్గర ఉత్తరాది సేనకు నాయకత్వం వహించిన వాడేనని చెబితే మాస్టారు నడవడానికి సిద్ధపడవచ్చు.

ఆయనను ఎక్కువగా ఆకట్టుకునేది ఈ నేల ఏర్పడిన తీరే. ఒకవైపు అట్లాంటిక్, మరోవైపు బార్నెగట్ ఖాతం, మధ్యన పది మైళ్ల మేర సన్నటి ఇసుక పట్టీ. నేడిది ఉత్తరాన ఉన్న తీర పట్టణాల నేలతో కలిసే ఉంది. అయితే 1750 ప్రాంతంలో ఒక తుపాను ఉత్తరాన ఇసుకను చీల్చి క్రాన్‌బెరీ ఇన్లెట్ అనే పాయను తెరిచినప్పుడు ఇది నిజంగానే ద్వీపమైంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ ఓడలను పట్టుకునే తిరుగుబాటుదారుల నౌకలు ఆ పాయ గుండానే రాకపోకలు సాగించాయి. 1812లో ఇసుక మేట వేసి అది మూసుకుపోయింది. మన గోదావరి, కృష్ణా నదుల మొగల దగ్గర ఇసుక మేటలు జరగడం చూసిన భూగోళం మాస్టారుకు దీనిని వేరుగా వివరించనక్కరలేదు.

ఇంతటి తీరం హోటళ్ల పాలు కాకపోవడానికి కారణం ఒక ఆర్థిక పతనం. ఉక్కు పరిశ్రమాధిపతి ఆండ్రూ కార్నెగీ భాగస్వామి హెన్రీ ఫిప్స్ 1926లో దీనిని కొని విడిది పట్టణం కట్టదలచాడు. కొన్ని ఇళ్లు లేచాయో లేదో, 1929లో షేర్ మార్కెట్ కుప్పకూలి ఆ పథకం ఆగిపోయింది. 1945లో ఇక్కడ రామ్‌జెట్ అనే ఒక రకం జెట్ ఇంజన్‌తో నడిచే రాకెట్ల పరీక్షలు జరిగాయి. 1953లో రాష్ట్ర ప్రభుత్వం కొనుగోలు చేయగా, 1959లో ప్రజలకు తెరిచారు. ఫిప్స్ కాలపు ఇళ్లలో ఒకటి గవర్నరు వేసవి విడిది. 2017 జులై మొదట్లో బడ్జెట్ కుదరక రాష్ట్ర పార్కులన్నీ మూతపడినప్పుడు, నాటి గవర్నరు క్రిస్ క్రిస్టీ కుటుంబంతో ఇక్కడి ఖాళీ బీచ్‌లో కూర్చుని ఉండగా పత్రిక వారు విమానం నుంచి తీసిన ఫొటోలు ఆయనను దేశమంతటా నవ్వుల పాలు చేశాయి.

పక్షుల కోసమైతే ఖాతం వైపున్న స్పిజిల్ క్రీక్ బాట మంచిది. అక్కడ మాటు గోడ వెనుక నిలబడి, స్తంభాల మీద గూళ్లు కట్టుకున్న ఆస్ప్రేలను చూడవచ్చు. కాళ్లు ముందుకు చాచి నీటిలో పడి చేపతో లేచే గద్ద జాతి పక్షి ఇది. డీడీటీ ప్రభావంతో గుడ్ల పెంకులు పలచబడి ఒకప్పుడు ఈ రాష్ట్రంలో దాదాపు కనుమరుగైంది, 1972లో ఆ మందును నిషేధించాక కోలుకుంది. రోడ్డు పక్కకు వచ్చి ముఖం చూస్తూ నిలబడే ఎర్ర నక్కలకు బిస్కెట్లు వేయవద్దని పిల్లలకు చెప్పండి. ఇసుక దిబ్బలు ఎక్కడం నిషిద్ధం. అక్కడి గడ్డి వేళ్లే ఇసుకను పట్టి నిలుపుతున్నాయి. 2012 అక్టోబరులో శాండీ తుపాను పొరుగున ఉన్న సీసైడ్ హైట్స్‌లో రోలర్ కోస్టర్‌ను సముద్రంలో పడవేసిన సంగతి గుర్తుంటే ఆ దిబ్బల విలువ తెలుస్తుంది.

బాటల్లో పాయిజన్ ఐవీ విస్తారంగా ఉంటుంది. మూడేసి ఆకుల గుత్తులున్న ఏ తీగనూ తాకవద్దు. ఇంటికి రాగానే ఒళ్లంతా, ముఖ్యంగా మోకాళ్ల వెనుక, నడుము దగ్గర పేలు వంటి టిక్ పురుగులు అంటుకున్నాయేమో చూసుకోండి. వాటి ద్వారా వచ్చే లైమ్ వ్యాధికి మచ్చ నెల రోజుల దాకా ఎప్పుడైనా కనిపించవచ్చు. మామగారు ఈలోపు ఇండియా చేరితే, అక్కడి డాక్టరుకు అమెరికాలో టిక్ కరిచిన సంగతి చెప్పకపోతే ఆ జబ్బు తట్టకపోవచ్చు.

ప్రశ్న: మేము ఆరుగురం విద్యార్థులం. ఆదివారం ఐలాండ్ బీచ్‌లో చికెన్ గ్రిల్ చేసుకుని, బీరు తాగి, సూర్యాస్తమయం చూసి రావాలని ఉంది. అనుమతి ఉంటుందా? – ఒక పాఠకుడు, జెర్సీ సిటీ

సమాధానం: బీరు కుదరదు, రాష్ట్ర పార్కులలో మద్యం నిషిద్ధం. బీచ్‌లో సిగరెట్ కూడా 2019 నుంచి నిషిద్ధమే. గ్రిల్‌కు ఈత స్థలాలకు అవతల, దిబ్బలకు ఎడంగా, కొన్ని షరతులతో అనుమతి ఉంటుంది. ఎక్కడ పెట్టుకోవచ్చో గేటు దగ్గరే అడిగి తెలుసుకోండి. బొగ్గులను ఇసుకలో పూడ్చి రావద్దు, పైకి చల్లారినట్లున్నా అవి గంటల తరబడి కణకణలాడుతూనే ఉండి తరువాత వచ్చిన వారి కాళ్లు కాలుస్తాయి. సూర్యుడు అస్తమించేది ఖాతం వైపు కనుక సాయంత్రానికి అటు చేరాలి. కాని జులైలో పడమటి గాలి ఉన్న రోజున అటు వెళ్లకండి. ఉప్పు మడుగుల నుంచి వచ్చే ఆకుపచ్చ కళ్ల గ్రీన్‌హెడ్ ఈగలు చొక్కా మీది నుంచి కూడా కుడతాయి, దోమల మందును లెక్కచేయవు. తూర్పు గాలి ఉన్న రోజున ఆ బెడద తక్కువ. మూసే వేళకు గేటు బయట ఉండాలి కనుక, సూర్యాస్తమయం దాకా ఉండనిస్తారో లేదో కూడా గేటు దగ్గరే కనుక్కోండి.