పాత కంప్యూటర్‌ను నెట్‌కు కలపాలా, విడదీయాలా?

(పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు)

ప్రశ్న: నా దగ్గర విండోస్ 7 ఉన్న ల్యాప్‌టాప్ ఉంది. 64 బిట్ విండోస్, 4 జీబీ ర్యామ్. ఉత్తరాలు రాసుకోవడానికి, నెట్ చూడటానికి, అప్పుడప్పుడు బ్యాంకు పనికి వాడుతున్నాను. ఈ మధ్య కొన్ని సైట్లు సరిగా తెరుచుకోవడం లేదు. ఏ బ్రౌజర్, ఏ యాంటీవైరస్ వేసుకుంటే ఇంకొన్నాళ్లు నడుస్తుంది?

సమాధానం: నడవడం వేరు, క్షేమంగా నడవడం వేరు. మీ ల్యాప్‌టాప్ ఇంకా చాలాకాలం నడవవచ్చు. అయితే విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఉచిత భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. డబ్బు కట్టిన సంస్థలకు మాత్రం 2023 జనవరి వరకు వచ్చాయి. ఆ తరువాత బయటపడిన లోపాలు మీ కంప్యూటర్‌లో అలాగే తెరిచి ఉన్నాయి.

ఈ లోటును యాంటీవైరస్ తీరుస్తుందని చాలామంది నమ్ముతారు. యాంటీవైరస్ చేసే పని హానికరమైన ఫైలును, దాని నడతను గుర్తించి ఆపడం. విండోస్‌లోనే ఉన్న కంతను అది పూడ్చలేదు. 2017 మేలో ప్రపంచాన్ని కుదిపేసిన ‘వానాక్రై’ని (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే పురుగును) గుర్తు చేసుకోండి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే మరమ్మతు విడుదల చేసింది. ఆ అప్‌డేట్ వేసుకోని యంత్రాలలోకి, ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే, ఒక కంప్యూటర్ నుంచి మరొక కంప్యూటర్‌కు నెట్‌వర్క్ మీదుగా అది పాకింది. దెబ్బతిన్న వాటిలో అత్యధికం విండోస్ 7 యంత్రాలే, అదీ ఆ విండోస్‌కు అప్‌డేట్లు ఇంకా అందుతున్న కాలంలో. ఇప్పుడు అవి అందడమే లేదు కనుక మీ జాగ్రత్త అంతకు మించి ఉండాలి.

బ్రౌజర్ విషయానికి వస్తే, విండోస్ 7, 8.1లకు వచ్చిన చివరి క్రోమ్ 109వ వెర్షన్. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి విండోస్ 10 తప్పనిసరి అయింది. ఫైర్‌ఫాక్స్‌లో చివరిది 2023 జులైలో విడుదలైన 115, అందులోనూ ఈఎస్‌ఆర్ అనే దీర్ఘకాలిక రకం. పాత విండోస్ వాడేవారు ఇంకా ఉన్నారన్న కారణంతో మొజిల్లా సంస్థ దీనికి భద్రతా మరమ్మతుల గడువును ఒకటికి రెండుసార్లు పొడిగించింది. ఈ పొడిగింపు ఎప్పటికీ సాగేది కాదు కనుక, నెలకొకసారైనా ‘ఫైర్‌ఫాక్స్ గురించి’ అనే పెట్టె తెరిచి, కొత్త మరమ్మతు వచ్చిందో లేదో చూసుకోండి. అందులో యూబ్లాక్ ఆరిజిన్ అనే ప్రకటనల నిరోధకాన్ని కూడా చేర్చుకోండి. పాత కంప్యూటర్‌కు దానివల్ల రెండు లాభాలు: పేజీలు తేలికపడతాయి, మోసపు ప్రకటనల మీద పొరపాటున వేలు పడే ప్రమాదం తగ్గుతుంది. పాత విండోస్ కోసమే ఔత్సాహికులు క్రోమ్ మూలాలతో తయారుచేసిన సూపర్మియం వంటి బ్రౌజర్లు కూడా ఉన్నాయి. వార్తలు చదువుకోవడానికి వాటిని కాదనను గానీ, కొద్దిమంది మీద ఆధారపడి నడిచే అలాంటి బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ కొట్టమని మాత్రం చెప్పలేను.

యాంటీవైరస్ ఎంచుకునే ముందు చూడవలసినవి రెండున్నాయి. మొదటిది, విండోస్ 7కు సర్వీస్ ప్యాక్ 1తో పాటు 2019లో వచ్చిన కేబీ4490628, కేబీ4474419 అనే అప్‌డేట్లు వేసి ఉండాలి. అవి లేకపోతే ఎస్‌హెచ్‌ఏ-2 అనే పద్ధతిలో డిజిటల్ సంతకం (అసలైనదేనన్న రుజువు) చేసిన కొత్త ప్రోగ్రాములను, డ్రైవర్లను (పరికరాలను నడిపే ప్రోగ్రాములను) మీ విండోస్ గుర్తించదు. కొత్త యాంటీవైరస్ సగంలో ఆగిపోతోందని వచ్చే ఫిర్యాదులలో ఈ కారణం తరచుగా కనిపిస్తుంది. ఆ రెండూ మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్‌లో దొరుకుతాయి. రెండవది, మీరు ఎంచుకున్న యాంటీవైరస్ తయారీదారు తన సైటులో విండోస్ 7 పేరును స్పష్టంగా రాశాడా, వైరస్ జాబితాలు ఇంకా పంపుతున్నాడా అన్నది. ప్రోగ్రాము ఇన్‌స్టాల్ అయినంత మాత్రాన జాబితాలు వస్తున్నట్టు కాదు. క్లామ్‌విన్ అనే యాంటీవైరస్ ఉచితమే కానీ, అది మీరు అడిగినప్పుడు మాత్రమే వెతుకుతుంది, నిరంతరం కాపలా కాయదు. అలాగని రెండు కాపలా యాంటీవైరస్‌లను ఒకేసారి వేయకండి. అవి ఒకదానితో ఒకటి పోట్లాడుకుని కంప్యూటర్‌ను కూలేస్తాయి.

రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ ఖాతా కాకుండా మామూలు ఖాతా ఒకటి తెరిచి దానిలోనే ఉండండి. ఖర్చు లేని ఈ మార్పు కొనుక్కున్న ఎన్నో ప్రోగ్రాముల కంటే ఎక్కువ మేలు చేస్తుంది. 2020 డిసెంబరు 31తో ముగిసిపోయిన ఫ్లాష్ ప్లేయర్, ఎప్పుడో వేసి మరిచిపోయిన జావా ఉంటే తీసేయండి. దూరం నుంచి కంప్యూటర్‌ను నడపనిచ్చే రిమోట్ డెస్క్‌టాప్‌ను ఆపేయండి. ఉత్తరాలకు లిబ్రెఆఫీస్ వాడుతుంటే 25.8వ వెర్షన్ నుంచి అది విండోస్ 7ను వదిలేసిందని గమనించి, అంతకు ముందరి వెర్షన్ దగ్గరే ఆగండి. బ్యాంకు పనిని మాత్రం ఈ యంత్రం మీద మానేసి, అప్‌డేట్లు అందుతున్న ఫోన్‌లోనో మరో కంప్యూటర్‌లోనో చేసుకోండి.

మీరు అడగకపోయినా ఒక మాట. ఉత్తరాలు, బ్రౌజరు తప్ప మరే ప్రోగ్రాముతోనూ పని లేనివారికి విండోస్ 7తో ఇంత కుస్తీ అవసరం లేదని నా అభిప్రాయం. 4 జీబీ ర్యామ్ ఉన్న 64 బిట్ యంత్రం మీద లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ (విండోస్‌కు బదులు వాడేది) హాయిగా నడుస్తుంది, అప్‌డేట్లూ ఉచితంగా వస్తాయి. పెన్‌డ్రైవ్ నుంచే దానిని నడిపి, వైఫై, శబ్దం, ప్రింటర్ పని చేస్తున్నాయో లేదో చూసుకున్న తరువాతే, మీ ఫైళ్లను వేరే చోట భద్రపరచి, డిస్క్ మీదికి ఎక్కించండి.

ప్రశ్న: మా ఇంట్లోని విండోస్ 10 కంప్యూటర్ విండోస్ 11కు పనికిరాదని చూపిస్తోంది. దానిని పక్కన పడేయవలసిందేనా? విండోస్‌తోనే వచ్చే డిఫెండర్ యాంటీవైరస్ రోజూ అప్‌డేట్ అవుతూనే ఉంది కదా, అది చాలదా?

సమాధానం: పడేయనక్కరలేదు. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి గానీ, ఇంటి వాడకందారులకు ఈఎస్‌యూ అనే పొడిగింపు పథకం కింద 2026 అక్టోబరు 13 వరకు భద్రతా మరమ్మతులు అందే ఏర్పాటు ఉంది. దానికి కంప్యూటర్‌లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించాలి. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు లింకు కనిపిస్తుంది. కొత్త సదుపాయాలేవీ దీనితో రావు, భద్రతకు సంబంధించిన మరమ్మతులు మాత్రమే వస్తాయి. నాకైతే అంతకు మించి అక్కర కూడా లేదనిపిస్తుంది.

డిఫెండర్ వైరస్ జాబితాలు 2028 అక్టోబరు వరకు వస్తాయని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. మొదటి సమాధానంలో చెప్పిన మాటే దీనికీ వర్తిస్తుంది: జాబితా వస్తున్నదంటే దొంగల ఫొటోలు అందుతున్నాయని అర్థం, తలుపు గడియ బాగైందని కాదు.

ఇక ‘పనికిరాదు’ అన్న తీర్పును ఒకసారి పరీక్షించండి. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా భాగాన్ని కోరుతుంది. చాలా కంప్యూటర్లలో అది ఉండి కూడా బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరవగల మూల సెట్టింగ్స్‌లో) ఆపివేసి ఉంటుంది. ఇంటెల్ యంత్రాలలో పీటీటీ అని, ఏఎండీ యంత్రాలలో ఎఫ్‌టీపీఎం అని ఉన్న వరుసను ఆన్ చేస్తే సరిపోవచ్చు. అడ్డు ప్రాసెసర్ దగ్గర అయితే మాత్రం చేయగలిగింది తక్కువ. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అధికారిక జాబితాలో ఉన్నాయి. పరీక్షలను దాటవేసి విండోస్ 11 ఎక్కించే ఉపాయాలు ప్రచారంలో ఉన్నా, అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. పైగా 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో ఎస్‌ఎస్‌ఈ 4.2 అనే ఆదేశాల సమితి లేకపోతే విండోస్ అసలు మొదలే కాదు కనుక, కోర్ 2 డుయో కాలపు కంప్యూటర్లకు ఆ దారి మూసుకుపోయింది.

ప్రశ్న: మా దగ్గర ఒక విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ కేవలం ఒక పాత స్కానర్ కోసం, పాత లెక్కల ప్రోగ్రాము కోసం బతికి ఉంది. దీనికి సరిపోయే యాంటీవైరస్ ఏది?

సమాధానం: ఏదీ వద్దు. దానికి కావలసింది ఏకాంతం. ఎక్స్‌పీకి అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8నే ఆగాయి. ఆ యంత్రానికి నెట్‌తో పని లేదని మీ ప్రశ్నలోనే ఉంది. నెట్‌వర్క్ కేబుల్ పీకేయండి. వైఫై ఉంటే డివైస్ మేనేజర్‌లో దానిని డిసేబుల్ చేయండి. ఇంట్లోని ఇతర కంప్యూటర్లతో ఫైళ్ల పంపకం కూడా వద్దు, ఎందుకంటే వానాక్రై లాంటివి పాకింది సరిగ్గా ఆ దారినే.

అప్పుడు మిగిలే ఏకైక ద్వారం పెన్‌డ్రైవ్. 2008లో బయలుదేరిన కాన్‌ఫికర్ అనే పురుగు నెట్‌వర్క్‌తో పాటు పెన్‌డ్రైవ్‌ల ద్వారా కూడా వ్యాపించింది. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతట అది ప్రోగ్రాము నడిపే ఆటోరన్ సదుపాయమే దానికి ఊతమైంది. అందువల్ల ఆటోరన్‌ను ఆపేయండి. ఈ పనికి ఒకే ఒక పెన్‌డ్రైవ్ కేటాయించి, అది కొత్త కంప్యూటర్‌కు వచ్చిన ప్రతిసారీ, అక్కడి నుంచి వెళ్లే ప్రతిసారీ కొత్త కంప్యూటర్ మీదనే స్కాన్ చేయండి. దానిని ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేయాలి. ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంటే, ప్రత్యేక అప్‌డేట్ వేయని ఎక్స్‌పీ దానిని చదవలేక ‘ఫార్మాట్ చేయమంటారా’ అని అడుగుతుంది. ఆ మాట విని సరే నొక్కినవారు ఫైళ్లు పోగొట్టుకుంటారు.

ఏకాంతంలో ఉన్న ఎక్స్‌పీకి వైరస్ కంటే పెద్ద శత్రువు దాని హార్డ్ డిస్క్ వయసు. అది ఏ రోజైనా ఆగిపోవచ్చు. లెక్కల ఫైళ్లను వారం వారం నకలు తీయడంతో పాటు, క్లోన్‌జిల్లా అనే ప్రోగ్రాముతో మొత్తం డిస్క్‌కు ఒక ప్రతిబింబం తీసి బయటి డిస్క్‌లో దాచండి. ఆ లెక్కల ప్రోగ్రామును వర్చువల్‌బాక్స్‌లో (ఒక కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రాములో) ఎక్కించిన ఎక్స్‌పీలో నడపడం కూడా ప్రయత్నించదగినదే. స్కానర్ యూఎస్‌బీ రకం అయితే, పాత స్కానర్లకు సొంత డ్రైవర్లు సమకూర్చుకున్న వ్యూస్కాన్ అనే ప్రోగ్రాము జాబితాలో దాని మోడల్ ఉందేమో చూడండి. ఉంటే అది కొత్త విండోస్‌లోనే పని చేసే అవకాశం ఉంది, అప్పుడు మీకు ఎక్స్‌పీతో ఉన్న బంధం సగానికి సగం తెగిపోతుంది.

ప్రశ్న: వేగం కోసం రిజిస్ట్రీ క్లీనర్, డ్రైవర్లను తాజా చేసే ప్రోగ్రాము కొనవచ్చా?

సమాధానం: కొనవద్దు. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీని శుభ్రం చేస్తామనే ఈ క్లీనర్లకు మైక్రోసాఫ్ట్ మద్దతు ఇవ్వదు, వాటితో కంప్యూటర్ వేగం పెరిగిన సందర్భమూ నాకు తెలియదు. డ్రైవర్లు తయారీదారు సైటు నుంచే తీసుకోవాలి. అదే డబ్బుతో తిరిగే హార్డ్ డిస్క్ స్థానంలో సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) ఒకటి పెట్టించండి. పది పన్నెండేళ్ల కంప్యూటర్ కూడా తేడా చూపిస్తుంది.

ప్రశ్న: చాలాకాలం క్రితం కొన్న ఒక ప్రోగ్రాము 64 బిట్ విండోస్‌లో తెరుచుకోవడం లేదు. ‘కంపాటిబిలిటీ’లో ఎక్స్‌పీని ఎంచుకున్నా అదే తీరు.

సమాధానం: అది విండోస్ 3.1 నాటి 16 బిట్ ప్రోగ్రాము అయి ఉంటుంది. కంపాటిబిలిటీ ట్యాబ్ ప్రోగ్రాముకు ‘ఇది పాత విండోసే’ అని అబద్ధం చెప్పగలదు గానీ, 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములను నడిపే ఏర్పాటునే మైక్రోసాఫ్ట్ పెట్టలేదు. కొన్నిసార్లు ప్రోగ్రాము 32 బిట్‌దే అయి, దాని ఇన్‌స్టాలర్ మాత్రం 16 బిట్‌ది కావచ్చు. అప్పుడు పాత కంప్యూటర్ నుంచి ఆ ఫోల్డరును నకలు చేస్తే నడిచేవి ఉన్నాయి. లేదంటే వర్చువల్‌బాక్స్‌లో 32 బిట్ విండోస్ పెట్టుకోవాలి. విండోస్ కంటే ముందటి డాస్ ప్రోగ్రాములకు డాస్‌బాక్స్ ఉంది.

ప్రశ్న: నా పాత కంప్యూటర్‌లో ఏ సైటు తెరిచినా ‘ఈ కనెక్షన్ సురక్షితం కాదు’ అంటోంది. వైరస్సా?

సమాధానం: ముందు తెర మూలన ఉన్న తేదీ చూడండి. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది అయిపోతే, ప్లగ్గు తీసిన ప్రతిసారీ గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు మొదలు తేదీ, ముగింపు తేదీ ఉంటాయి కనుక, 2009లో ఉన్నాననుకునే కంప్యూటర్‌కు నేటి సర్టిఫికెట్లన్నీ ఇంకా పుట్టనివిగా కనిపిస్తాయి. డెస్క్‌టాప్ అయితే ప్లగ్గు తీసి, పాత బిళ్లను పక్కనున్న చిన్న క్లిప్పు నొక్కి తీసి, ప్లస్ గుర్తు పైకి వచ్చేలా కొత్తది పెట్టి, బయోస్‌లో తేదీ, సమయం సరిచేయండి.

తేదీ సరిగ్గానే ఉంటే కారణం పాతబడిన మూల సర్టిఫికెట్లు (సైట్ల సర్టిఫికెట్లకు పూచీ ఇచ్చేవి) కావచ్చు. ఎన్నో సైట్లకు సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఆధారపడిన ఒక పాత మూల సర్టిఫికెట్ 2021 సెప్టెంబరు 30న గడువు తీరిపోయింది. అప్‌డేట్లు ఆపుకున్న విండోస్ 7 యంత్రాలకు దాని స్థానంలోని కొత్తది చేరలేదు. ఫైర్‌ఫాక్స్ తన సర్టిఫికెట్ల జాబితాను తనతోనే తెచ్చుకుంటుంది. అందువల్ల అదే సైటు ఫైర్‌ఫాక్స్ 115లో తెరుచుకుని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరుచుకోకపోతే, లోపం చాలావరకు విండోస్ వైపే ఉన్నట్టు. అప్పుడు విండోస్ అప్‌డేట్ సేవ ఆపివేసి ఉందేమో చూసి, మిగిలిపోయిన పాత అప్‌డేట్లను వేయండి. అంతవరకు ‘అయినా ముందుకు వెళ్లు’ అనే బటన్ నొక్కి ఏ సైటులోనూ పాస్‌వర్డ్ కొట్టకండి.