కారణమా, సాకా?

సందేహం: 1898లో అమెరికా స్పెయిన్‌తో యుద్ధానికి దిగడానికి అమెరికా యుద్ధనౌక 'మెయిన్' పేలుడు కారణమని ఒకచోట, సాకు అని మరోచోట చదివాను. ఏ మాట సరైంది? ఉద్దేశం, నెపం అనే మాటలను కూడా ఇక్కడ వాడవచ్చా?

సమాధానం: అన్నిటికీ చోటుంది, కాకపోతే వాక్యం మారాలి. 'వాన కారణంగా ఆట ఆగింది' అంటాం. 'వాన సాకుతో ఆట ఆగింది' అనం, 'ఆపేశారు' అంటాం. కారణం వెనుక మనిషి ఉండనక్కర్లేదు. సాకు, నెపం, ఉద్దేశం మాత్రం మనసులో పుట్టేవి. అందుకే వాటికి 'తో' చేర్చినచోట ఆ పని చేసినవారెవరో కనీసం క్రియలోనైనా తెలియాలి.

సాకు అనగానే అబద్ధమని అనుకోకండి. వాన నిజంగానే కురిసి ఉండవచ్చు. ఆట ఆపడానికి అసలు సంగతి వేరే ఉంటే ఆ వాన సాకే. 1898 ఫిబ్రవరి 15న అప్పట్లో స్పెయిన్ ఏలుబడిలో ఉన్న క్యూబాలోని హవానా రేవులో 'మెయిన్' పేలి 260 మందికి పైగా చనిపోవడం నిజం. అమెరికా జనం స్పెయిన్‌పై ఆగ్రహించారు, ఏప్రిల్ 25న అమెరికా చట్టసభ కాంగ్రెస్ యుద్ధం ప్రకటించింది. ఆ వరుసలో చూస్తే పేలుడును మన చరిత్ర పుస్తకాల్లో రాసినట్టు 'తక్షణ కారణం' అనడంలో తప్పులేదు.

అయితే క్యూబా విముక్తి కోసమన్న యుద్ధంలో తొలి పెద్ద పోరు మే 1న ఎక్కడో ఫిలిప్పీన్స్‌లోని (అదీ స్పెయిన్ ఏలుబడిలోదే) మనీలా అఖాతంలో జరిగింది. క్యూబాను కలుపుకోబోమని ముందే తీర్మానించిన కాంగ్రెస్, ఫిలిప్పీన్స్ విషయంలో అలాంటి మాట ఇవ్వలేదు. డిసెంబరు 10 నాటి పారిస్ ఒప్పందంలో స్పెయిన్‌కు 2 కోట్ల డాలర్లు ముట్టజెప్పి ఆ దీవులను తీసుకున్నారు. చైనా వ్యాపారానికి దారి, ఆవిరి నౌకలు బొగ్గు నింపుకోవడానికి మజిలీలు కావాలని వాదించినవారు వాషింగ్టన్‌లో బలంగా ఉన్నారు. వీటిని 'ఉద్దేశాలు' అనే రాయాలి. 'కారణాలు' అంటే ఆ ఆలోచన ఎవరిదన్నది మాటల్లో మరుగున పడుతుంది.

ఈ మాటల తేడా అప్పట్లో వేరే రాజ్యంగా ఉన్న హవాయి దగ్గర ఇంకా బాగా తెలుస్తుంది. 1890 నాటి అమెరికా సుంకాల చట్టం విదేశీ ముడి పంచదారపై సుంకం ఎత్తేసి, స్వదేశీ పంచదారకు పౌండుకు 2 సెంట్ల దాకా ప్రోత్సాహకం ఇచ్చింది. అంతవరకు సుంకం లేకుండా అమ్ముకున్న హవాయి చెరకు తోటల రాబడి పడిపోవడానికి అది కారణం. అమెరికాలో కలిస్తే ఆ 2 సెంట్లు తమకూ దక్కుతాయన్నది కొందరు తోటల యజమానుల ఉద్దేశం. 1893 జనవరిలో హవాయి రాణి లిలియుఓకలానీని గద్దె దించే వేళ, అమెరికన్ల ప్రాణాలు, ఆస్తుల రక్షణ అన్న నెపంతో అమెరికా సైనికులను ఒడ్డుకు దింపారు.

నెపానికీ సాకుకూ ఇక్కడ పెద్ద తేడా లేదు. కానీ నెపానికి 'నింద' అన్న అర్థం కూడా ఉంది. 'పేలుడు నెపం స్పెయిన్ మీద మోపారు' అనవచ్చు. ఆ చోట 'సాకు మోపారు' అనకూడదు.