పడిపోతారన్న భయంతో అపిక్సాబాన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) ఆపి ఆస్పిరిన్‌కి మార్చొచ్చా?

అమ్మగారికి 82 ఏళ్లు, బరువు 54 కిలోలు, షుగరు, బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.6, దానికి తోడు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకోవడం) అన్నారు. పడిపోతే రక్తం కారుతుందేమోనని ఆస్పిరిన్ అడుగుతున్నారు.

దయచేసి మార్చకండి. గుండె పై గది సరిగా ముడుచుకోక రక్తం నిలిచి గడ్డ కడుతుంది, అది మెదడుకెళ్తే పక్షవాతం. ఆ గడ్డని ఆపే బలం ఆస్పిరిన్‌కి చాలదు. పైగా ఈ వయసులో దానితోనూ రక్తస్రావం ముప్పు తప్పదు. పడిపోకుండా బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ పెట్టించండి, లేచి నిలబడ్డాక బీపీ దిగుతోందేమో చూడండి.

అపిక్సాబాన్ మామూలుగా రెండు పూటలా 5 మిల్లీగ్రాములు. 80 ఏళ్లు నిండటం, బరువు 60 కిలోలు లేదా అంతకన్నా తక్కువ, క్రియాటినిన్ 1.5 లేదా ఆపైన, ఈ మూడింటిలో రెండుంటే 2.5. అమ్మగారికి మూడూ ఉన్నాయి. ఒక్కటే ఉన్నప్పుడు ‘పెద్దావిడ కదా’ అని సగం డోసు ఇస్తే పక్షవాతం నుంచి పూర్తి రక్షణ ఉండదు. కీళ్లవాత జ్వరం (రుమాటిక్ ఫీవర్) వల్ల గుండెలోని మైట్రల్ వాల్వు బాగా సన్నబడినా, లోహపు వాల్వు ఉన్నా ఈ మందు పనికిరాదు. వార్ఫరిన్ కుటుంబం మందులే వాడాలి.

క్రియాటినిన్ 1.6 చూస్తే కాస్తే పెరిగినట్టుంటుంది. వయసు, బరువు కలిపి లెక్కేస్తే కిడ్నీ వడకట్టేది నిమిషానికి సుమారు 23 మి.లీ. మాత్రమే. అందుకే డిగాక్సిన్ (గుండె వేగం తగ్గించే మాత్ర) రాసుంటే చాలా జాగ్రత్త: అది ఒంట్లో పేరుకుంటుంది, ఫ్రూసెమైడ్ (మూత్రం ఎక్కువగా పోయించే మందు) వల్ల పొటాషియం తగ్గితే మరీ ప్రమాదం. “అన్నం సయించట్లేదమ్మా, వికారంగా ఉంది” అంటే ఇంట్లోవాళ్లు గ్యాస్ మాత్ర ఇస్తారు. అది డిగాక్సిన్ ఎక్కువైన గుర్తు కావచ్చు, అక్కడే అసలు సంగతి జారిపోతుంది. నాడి చూడండి, 60 లోపుంటే మాత్ర వేసే ముందే డాక్టరుకి ఫోన్ చేయండి. రక్తంలో డిగాక్సిన్ పరీక్షకి మాత్ర వేశాక కనీసం 6 గంటలు ఆగి రక్తం ఇవ్వాలి.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో బీపీ మిషన్ చూపే నాడి తప్పొచ్చు. స్టెతస్కోపు గుండె మీద పెట్టి నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. బీపీ మూడుసార్లు చూసి సగటు తీయండి.

మోకాళ్ల నొప్పికి మందుల షాపులో డైక్లోఫెనాక్ అడగొద్దు, కిడ్నీకీ కడుపుకీ దెబ్బ. పారాసిటమాల్ చాలు. విరేచనాలు పట్టుకుంటే రెండు మూడు రోజుల్లోనే క్రియాటినిన్ పెరగొచ్చు, వెంటనే పరీక్ష చేయించండి.

తలకి దెబ్బ తగిలితే బాగానే ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూతి వంకర పోయినా, మాట తడబడినా చివరి అపిక్సాబాన్ ఎన్ని గంటలకు వేశారో అక్కడ ముందుగా చెప్పండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అనేది చాలావరకు దాన్నిబట్టే తేలుస్తారు.